కల్నల్ పక్కన నిలబడ్డ తెలుగు పండితుడు

థామస్ హిక్కీ 1816లో మద్రాసులో వేసిన ఒక తైలవర్ణ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎత్తు 58.5 సెంటీమీటర్లు, వెడల్పు 38. గోడంతా ఆక్రమించే దర్బారు చిత్రం కాదు, రెండు చేతులతో ఎత్తి పట్టుకోగలిగినంతది. అందులో నలుగురు మనుషులున్నారు. ఎర్ర కోటు తొడుక్కున్న దొర కల్నల్ కాలిన్ మెకంజీ. మిగతా ముగ్గురూ ఆయన దగ్గర పనిచేసిన భారతీయులు. వాళ్ళలో ఒకరు ఏలూరు కుటుంబానికి చెందిన తెలుగు పండితుడు కావలి వెంకట లక్ష్మయ్య. పందొమ్మిదో శతాబ్దం మొదటి రోజుల్లో ఒక తెలుగు పండితుడి ముఖం నూనె రంగుల్లో, అదీ పేరు చెప్పగలిగేలా మిగలడం చాలా అరుదు. తెలుగువాళ్ళు ఈ చిత్రాన్ని తీరిగ్గా చూడవలసిన కారణం అదే.

ముందు చిత్రకారుడి సంగతి. హిక్కీ 1741లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి మిఠాయిల వ్యాపారి. డబ్లిన్ సొసైటీ నడిపిన బొమ్మల బడిలో చదివాడు. తర్వాత ఇటలీ వెళ్ళి కొన్నేళ్ళు పాత గురువుల చిత్రాలు చూసి చేయి తిప్పుకున్నాడు. లండన్‌లో రాయల్ అకాడమీ బడిలో చేరాడు, బాత్ నగరంలో సంపన్నుల ముఖాలు గీశాడు. పేరున్న చిత్రకారులు అక్కడ చాలామంది. వాళ్ళ మధ్య బేరాలు దొరకడం కష్టమై 1780లో ఇండియా ఓడ ఎక్కాడు. ఫ్రెంచి, స్పానిష్ నౌకలు ఆ ఓడల గుంపును దారిలోనే పట్టుకున్నాయి. బందీగా స్పెయిన్ చేరి, విడుదలై, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కొంతకాలం బొమ్మలు వేసి బతికి, చివరికి 1784లో కలకత్తా చేరాడు.

హిక్కీ కుంచెతో పాటు కలం కూడా పట్టాడు. చిత్రకళ, శిల్పకళల చరిత్ర మొదటి సంపుటాన్ని 1788లో కలకత్తాలోనే అచ్చు వేయించాడు. ప్రాచీన కాలం నుంచి ఈ రెండు కళలు నడిచిన దారిని వివరించాలన్నది ఆ పుస్తకం ఉద్దేశం. కలకత్తాలో ఇంగ్లీషు అచ్చుయంత్రాలు వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. అలాంటి రోజుల్లో, వచ్చిన బేరం పూర్తిచేసి డబ్బు తీసుకుంటే సరిపోయేదానికి, తన వృత్తికి ఒక చరిత్ర ఉందనీ దాన్ని రాయాలనీ తలపెట్టాడాయన. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత చరిత్ర సేకరించే ఒక దొరను, ఆయన పండితులను చిత్రించేటప్పుడు వాళ్ళ పని విలువ ఆయనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేకపోయి ఉండాలి.

కలకత్తా రోజుల్లోనే, 1787లో, ఒక భారతీయ స్త్రీ చిత్రం వేశాడు. విలియం హిక్కీ అనే న్యాయవాదితో సహజీవనం చేసిన జమ్‌దానీ చిత్రమే అదని భావిస్తారు. ఇంటిపేరు ఒకటే గానీ ఆ న్యాయవాదికీ చిత్రకారుడికీ చుట్టరికం లేదు. ఆ చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని నేషనల్ గేలరీలో ఉంది. 1792లో చైనా చక్రవర్తి దగ్గరకు మెకార్ట్‌నీ రాయబారం బయల్దేరినప్పుడు హిక్కీ అధికారిక చిత్రకారుడిగా వెంట వెళ్ళాడు. అక్కడ ఆయన చేసిన పని మాత్రం స్వల్పం. 1798లో మళ్ళీ ఇండియా వచ్చి మద్రాసులో దిగాడు. ఆ మరుసటేడే శ్రీరంగపట్నం పతనమైంది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. యుద్ధంలో పాల్గొన్న ఇంగ్లీషు అధికారుల ముఖాలను హిక్కీ సుద్దకడ్డీలతో వరసగా గీశాడు. టిప్పు కొడుకులను, మైసూరు దివాను పూర్ణయ్యను చిత్రించాడు. ఆ యుద్ధం మీద పెద్ద చిత్రాలు వేయాలన్న పథకం మాత్రం పూర్తి కాలేదు.

మైసూరులో 1805 ప్రాంతంలో ఆయన వేసిన ముగ్గురు రాచస్త్రీల చిత్రం మీద ఇటీవల కొత్త చర్చ జరిగింది. అందులో ఒకామె చీర పక్కకు జరిపి భుజం దగ్గర ఒక చోటు చూపుతున్నట్టు నిలబడి ఉంది. అది మశూచి టీకా వేయించుకున్న చోటని, ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన టీకాను జనం ఒప్పుకొనేలా చేయడానికే ఆ చిత్రం వేయించారని ఒక చరిత్రకారుడు వాదించాడు. వాదన పూర్తిగా నిలబడినా నిలబడకపోయినా ఒక విషయం గమనించాలి. హిక్కీ చిత్రాల్లో చేతులు ఊరికే వేలాడవు. వేలు ఎటు చూపుతోంది, చేతిలో ఏముంది అనేవి చూసేవాడికి కబురు చెబుతాయి. మెకంజీ చిత్రాన్ని చదవడానికి కూడా అదే దారి.

నూనె రంగుల చిత్రం మద్రాసు గాలిలో తయారు కావడం ఎలా ఉంటుందో తెలిస్తే ఆ పని మీద గౌరవం పెరుగుతుంది. కొయ్య చట్రానికి నారగుడ్డ బిగించి దానికి పలుచని జిగురు పట్టిస్తారు. దాని మీద సుద్ద, సఫేదా కలిపిన తెల్లటి పూత వేస్తారు. ఈ పద్ధతి ఉత్తరాంధ్రకు పరాయిది కాదు. పక్కనే ఒడిశాలో పటచిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, నునుపు తేలేదాకా రుద్ది బొమ్మకు సిద్ధం చేస్తారు. తేడా రంగులు కలిపే ద్రవంలో ఉంది. పటం మీద రంగు నీళ్ళలో, బంకలో కలుస్తుంది, చూస్తుండగానే ఆరుతుంది. తైలచిత్రంలో రంగు అవిసె నూనెలో కలుస్తుంది. ఆ నూనె ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలుచని పొరకు రోజులు, మందపు పొరకు వారాలు పడతాయి.

ఆ జాప్యమే చిత్రకారుడికి వరం. రంగు పచ్చిగా ఉన్నంతసేపూ చెంప మీది వెలుగును నీడలోకి కలిపి మెత్తగా దించవచ్చు. గెడ్డం కింది నీడ, కంటిరెప్ప మడత, వయసు తెచ్చిన ముడత ఆ మెత్తదనంలోనే పలుకుతాయి. అయితే నియమం తప్పకూడదు. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. కింద జిడ్డుగా, పైన పొడిగా వేస్తే పై పొర ముందు బిగుసుకుని తర్వాత పగులుతుంది. సముద్రపు తేమ తగిలితే గుడ్డలోని జిగురు నీరు పీల్చి కాన్వాసు వదులవుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. యూరపు నుంచి రావలసిన సామాను ఓడల మీద నెలల తరబడి ప్రయాణం చేయాలి. ఇన్ని ఇబ్బందుల మధ్య, డెబ్బై అయిదేళ్ళ వయసులో హిక్కీ ఈ చిత్రం పూర్తిచేశాడు.

ఇక చిత్రంలోని దొర. కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. ఇంజనీరు అయ్యాడు, మైసూరు యుద్ధాల్లో పనిచేశాడు, నిజాం రాజ్యంలో దారులు, కోటలు కొలిచాడు. 1790ల చివర అమరావతి స్తూపాన్ని చూసి దాని గురించి లోకానికి తెలియజేశాడు. టిప్పు పతనం తర్వాత మైసూరు దేశాన్నంతటినీ ఏళ్ళ తరబడి సర్వే చేయించాడు. 1810లో మద్రాసు ప్రెసిడెన్సీకి, 1815లో ఇండియా మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కలకత్తా వెళ్ళి కొత్త పదవి చేపట్టే ముందు, మద్రాసు విడిచిపెట్టబోయే రోజుల్లో వేయించుకున్న చిత్రం ఇది. అరవై దాటిన మనిషి తన జీవితంలో ముఖ్యమని తలచిన పనిని ఒక్క చట్రంలో చూపించమని అడిగాడన్నమాట.

ఆ పని భూమి కొలతతో ఆగలేదు. ఊరూరా ఉన్న శాసనాలు, తాళపత్ర గ్రంథాలు, నాణేలు, స్థలపురాణాలు, కరణాల దగ్గరున్న కవిలెలు మెకంజీ సేకరింపజేశాడు. ఆయనకు మన భాషలేవీ రావు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. అందుచేత చదివినవాళ్ళు, రాసుకున్నవాళ్ళు, అనువదించినవాళ్ళు, ఊళ్ళు తిరిగి పెద్దలను నమ్మించి వివరం రాబట్టినవాళ్ళు అందరూ మనవాళ్ళే. మెకంజీ కైఫీయతులని ఇప్పుడు పిలిచే గ్రామచరిత్రలు అలా పుట్టాయి.

చిత్రంలోని ముగ్గురూ ఆ పనికి మూడు ముఖాలు. తాటాకు ప్రతి పట్టుకున్న వృద్ధుణ్ణి జైన పండితుడు ధర్మయ్యగా గుర్తిస్తారు. మైసూరు ప్రాంతానికి చెందిన ఆయనకు పాత కన్నడ లిపి చదవడం వచ్చు. అందరూ ఆశ వదులుకున్న శిలాశాసనాలు ఆయన కళ్ళకు లొంగాయి. దుర్భిణీ పట్టుకున్న మనిషి కిష్టాజీ. ఆయన ఒంటి మీద బిళ్ళ ఉంది, అంటే బిళ్ళబంట్రోతు. సర్వే పనిలో సామాను మోసి, గుట్టలెక్కి, దొరతో పాటు ఎండలో నిలబడ్డ ఉద్యోగి. మూడో ఆయన కావలి లక్ష్మయ్య. తాటాకు చదువుకు గుర్తు, దుర్భిణీ కొలతకు గుర్తు. ఆ రెండింటికీ మధ్య భాష తెలిసినవాడుగా, పని నడిపించే ముఖ్య పండితుడుగా లక్ష్మయ్య నిలబడ్డాడు.

నేపథ్యంలో దూరాన ఒక ఎత్తయిన విగ్రహం కనిపిస్తుంది. అది కార్కళలోని గొమ్మటేశ్వరుడు. కర్ణాటక తీర ప్రాంతంలో 1432లో ప్రతిష్ఠించిన ఆ ఏకశిలా విగ్రహం ఎత్తు నలభై అడుగులకు పైనే. మరో గుట్ట మీద సర్వేవాళ్ళు దూరం నుంచి గురి చూడటానికి పాతిన స్తంభం ఉంది. కార్కళ తూర్పు తీరంలోని మద్రాసు నుంచి కనబడదు. చిత్రకారుడు కిటికీలోంచి చూసి వేసిన దృశ్యం కాదది. మెకంజీ బృందం సేకరించిన వివరాల ఆధారంగా ఆలోచించి అమర్చిన నేపథ్యం. ఒక గుట్ట మీద పాతకాలపు మతం, మరో గుట్ట మీద కొత్తకాలపు కొలత. ఆ రెండింటి ముందూ నలుగురు మనుషులు. మెకంజీ జీవితాన్ని ఇంతకన్నా కుదురుగా చెప్పడం కష్టం.

ఇందులో అందరూ సమానంగా లేరన్నదీ చూడాలి. కంటికి మొదట తగిలేది ఎర్ర కోటే. ఆ కాలపు చిత్రకారులు అలాంటి ఎరుపుకు ఇంగిలీకం వాడి, దాని మీద లక్క ఎరుపు పలుచగా పూసి లోతు తెప్పించేవాళ్ళు. ఏ రంగు పక్కన పెట్టినా ఆ ఎరుపు ముందుకు దూకుతుంది. చిత్రం దొరది, డబ్బు దొరది, మిగతావాళ్ళు ఆయనకు సేవ చేస్తున్నవాళ్ళు. కంపెనీ కాలపు చిత్రాల్లో భారతీయులు కనిపించడం కొత్త కాదు. హుక్కా పట్టుకున్న నౌకరు, గొడుగు పట్టిన మనిషి, గుర్రపువాడు దొరల చిత్రాల్లో తరచూ ఉంటారు. వాళ్ళు దొర హోదాకు కొలమానాలు. వాళ్ళ స్థానంలో ఇంకొకరిని నిలబెట్టినా చిత్రం మారదు. హిక్కీ చిత్రంలో అలా కాదు. ఈ ముగ్గురి వయసులు వేరు, ముఖాలు వేరు, చేతిలో వస్తువులు వేరు. ఎవరి పని ఏమిటో చిత్రమే చెబుతుంది. వాళ్ళను తీసేస్తే మెకంజీ ఏం చేశాడో చెప్పడానికి చిత్రంలో దాదాపు ఏమీ మిగలదు.

చిత్రంలో ఉండవలసిన ఒక మనిషి లేడు. లక్ష్మయ్య అన్న కావలి వెంకట బొర్రయ్య. 1776లో పుట్టి, ఇరవై ఏళ్ళ ప్రాయంలో మెకంజీ దగ్గర చేరాడు. సంస్కృతం, తెలుగుతో పాటు ఇతర భాషలు నేర్చి, శాసనాలు చదివే పద్ధతి ఏర్పరచి, ఊళ్ళకు మనుషులను పంపి సమాచారం తెప్పించే ఏర్పాటుకు పునాది వేశాడు. ఒక జైన గురువు దగ్గర సేకరించి ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో ఆయన పేరుతోనే అచ్చయింది. భారతీయ విజ్ఞానపు గుమ్మంలోకి తనను నడిపించింది బొర్రయ్యేనని మెకంజీ 1817లో రాసిన ఉత్తరంలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. కానీ బొర్రయ్య 1803లోనే, ఇరవై ఏడేళ్ళకే చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పని తమ్ముడు లక్ష్మయ్య భుజాన వేసుకున్నాడు. మరో తమ్ముడు రామస్వామి కూడా ఆ కొలువులోనే ఉండి, 1829లో దక్కను కవుల జీవితచిత్రాలను ఇంగ్లీషులో రాసి కలకత్తాలో ప్రచురించాడు. తెలుగు కవుల చరిత్ర రచనలో తొలి ప్రయత్నాల్లో అదొకటి.

చిత్రంలో లేనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఊళ్ళలో కవిలెలు దాచిన కరణాలు, తాటాకు మీద గంటంతో రాసినవాళ్ళు, గుడి గోడ మీది అక్షరాలు చూపించిన పూజారులు, ఊరి పుట్టుక కథ చెప్పిన ముసలివాళ్ళు. మెకంజీ మనుషులు ఉత్తర సర్కారుల్లోనూ తిరిగారు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి ప్రాంతం అప్పటికి గంజాం జిల్లాలో భాగం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం సీమ ఆ జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. పాలకులు గీసిన హద్దులు మారుతూ వచ్చాయి గానీ, శ్రీకూర్మం స్తంభాల మీద, ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు ఉన్నచోటనే ఉన్నాయి. లక్ష్మయ్య, ధర్మయ్య చేసిన పనిని ఈ సీమలో కొనసాగించినవాడు గిడుగు రామమూర్తి. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, తనంత తానే పాత లిపులు నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివాడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని నిరూపించాడు. ఆయన వెనక దొరా లేడు, సర్వే శాఖా లేదు.

చిత్రం పూర్తయ్యాక మెకంజీ 1817లో కలకత్తా వెళ్ళాడు. లక్ష్మయ్య కూడా వెంట వెళ్ళాడు. 1821 మే 8న మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణను కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలిచ్చి ఆయన భార్య దగ్గర కొన్నది. హోరేస్ హేమన్ విల్సన్ 1828లో దానికి జాబితా ప్రచురించాడు. అందులో లిఖిత గ్రంథాలు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్ళు 8,076, నాణేలు 6,218. ఆ సంపదలో కొంత లండన్ పోయింది, దక్షిణాది భాషల ప్రతులు చాలావరకు మద్రాసు తిరిగొచ్చాయి. మన కాలంలో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేసింది. ఊరి చరిత్ర రాయాలనుకునే ఎవరైనా ఈ రోజుకీ ముందు వెతికేది మెకంజీ కైఫీయతుల్లోనే.

లక్ష్మయ్యకు అంత ఆదరణ దక్కలేదు. దొర పోయాక సేకరణ పని తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. 1836లో ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఆ అర్జీ పరిశీలించాడు. బ్రాహ్మీ లిపిని ఛేదించి అశోకుడి శాసనాలను చదివిన పండితుడు ఆయన. అయినా లక్ష్మయ్యకే కాదు, ఏ భారతీయుడికీ అంత పని చేసే యోగ్యత ఉండదన్నట్టు అభిప్రాయం రాశాడు. మెకంజీ ప్రతుల పరిశీలన విలియం టేలర్ అనే పాదిరీ చేతికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఆ పనినే నడిపినవాడికి ఆ పనే కాదన్నారు. ఇది అన్యాయం. ఆ అన్యాయానికి సాక్ష్యాల్లో 1816 నాటి చిత్రం కూడా ఒకటి. పని ఎవరు చేశారో ఎరిగిన దొర, చూసిన చిత్రకారుడు ఆ సంగతిని ముందే రంగుల్లో నమోదు చేసిపెట్టారు.

హిక్కీ 1824లో మద్రాసులోనే చనిపోయాడు. రూపచిత్రం వేసే వృత్తి తర్వాతి కాలంలో ఫోటో స్టూడియోల చేతికి, అక్కడి నుంచి సెల్‌ఫోన్ల చేతికి వచ్చింది. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర రోజుల్లో కూడళ్ళలో కట్టే ఫ్లెక్సీల్లోనూ నడుమ పెద్ద ముఖం, చుట్టూ చిన్న ముఖాల వరస ఉంటుంది. హిక్కీ చిత్రంలో ఉన్న అమరికే ఇక్కడా ఉంది, కాకపోతే ఫ్లెక్సీలో ప్రతి చిన్న ముఖం కింద పేరు రాయించడం మనవాళ్ళు మరిచిపోరు. ఆ పట్టింపు సరైనది. పుస్తకాల్లో, పాఠాల్లో, అంతర్జాలంలో ఈ 1816 చిత్రం వచ్చిన ప్రతిచోటా కింద మెకంజీ పేరు తప్పక ఉంటుంది. చాలాచోట్ల మిగతా ముగ్గురూ సహాయకులనే ఒక్క మాటలో కలిసిపోతారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనైనా ఆ చిత్రం కింద నాలుగు పేర్లూ ఉండాలి: కాలిన్ మెకంజీ, కావలి వెంకట లక్ష్మయ్య, ధర్మయ్య, కిష్టాజీ. వేసినవాడు థామస్ హిక్కీ. ఈ అయిదు పేర్లూ కలిస్తేనే ఆ చిత్రం ఎవరిదన్న ప్రశ్నకు సరైన జవాబు.